చెన్నూరులో వడుగు పందిరి కింద

తెల్లవారుజాము నాలుగు గంటలు. కడప నుంచి మైదుకూరు పోయే లారీ ఒకటి పెన్న వంతెన ఎక్కింది. ఆ చప్పుడు అణిగాక చెన్నూరులో మళ్ళీ కుక్కల అరుపులే. సందు మలుపు తిరగండి. గుంజలకు అరటి బోదెలు కట్టి, గుమ్మానికి మామిడాకులు గుచ్చిన ఇల్లు ఒకటి కనిపిస్తుంది. పందిరి కింద అప్పుడే కళ్ళాపి చల్లి ముగ్గు వేశారు. ముగ్గు మీద అడుగు పడకుండా పక్కగా రండి. చెప్పులు బయటే విడవండి. లోపల నేలంతా కడప బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కు గనుల్లో తీసే ఆ నల్లరాయి వైశాఖ మాసంలో కూడా తెల్లవారుజామున పాదాలకు చల్లగా తగులుతుంది.

ఈ ఇంటి పిల్లవాడికి ఈ రోజు వడుగు. ముహూర్తం సూర్యోదయమైన రెండు మూడు గంటలకు. ఎండ ముదరకముందే సగం తంతు అయిపోవాలని, బడికి సెలవులు ఉండగానే జరగాలని, గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం తగలకూడదని లెక్కలు వేసి వేసి పెట్టిన ముహూర్తం. పిల్లవాడు మాత్రం ఇంకా నిద్రలోనే ఉన్నాడు. నిన్న వాణ్ణి పెళ్ళికొడుకును చేశారు. అవ్వ తలకు నూనె పెట్టింది. అత్తలు నలుగు పెట్టి, హారతిచ్చి, అక్షింతలు వేశారు. మధ్యాహ్నం ముత్తయిదువలు రోలు, రోకలి తెచ్చి పసుపు కొమ్ములు దంచారు. చెన్నూరు, మైదుకూరు, దువ్వూరు చేలలో పసుపు పండుతుంది కాబట్టి ఈ ఇంటికి కొమ్ములు అంగడి నుంచి రాలేదు. తెలిసిన రైతు ఇంటి నుంచి వచ్చాయి. దంచిన ఆ పసుపుతోనే తడిపిన గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి కులదేవతకు ముడుపు కట్టారు. వీళ్ళు నందవరీకులు. బనగానపల్లె దగ్గరి నందవరం చౌడేశ్వరమ్మకు మొక్కనిదే ఈ ఇంట్లో ఏ శుభకార్యమూ మొదలవదు. కాశీలో ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి అమ్మవారు నందవరం దాకా నడిచి వచ్చిందని వాళ్ళ నమ్మకం. సీమలో ఆ శాఖవాళ్ళు చాలామంది.

సాయంత్రం ఉదకశాంతి. కలశానికి నాలుగు దిక్కులా కూర్చుని స్వాములు వేదం చెప్పారు. ఆ నీళ్ళు ఇప్పుడు పూజగదిలో రాగి చెంబులో ఉన్నాయి. పక్కనే అంకురార్పణకు మట్టి పాలికల్లో చల్లిన నవధాన్యాలు తడి మన్నులో ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉన్నాయి.

"లే నాయనా, పొద్దు పోతాంది" అని అవ్వ వాణ్ణి లేపుతోంది.

మంగళస్నానం అయ్యింది. తల్లిదండ్రుల మధ్య పీట మీద వాణ్ణి కూర్చోబెట్టారు. విఘ్నేశ్వర పూజ మొదలైంది. స్వామి సంకల్పం చెప్పిస్తున్నారు. చెవి పెట్టి వినండి. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం దాకా దేశమంతటా ఒకటే. ఆ తర్వాత ఊరు వస్తుంది. తెలుగునాట ఎక్కడ కూర్చుని సంకల్పం చెప్పినా శ్రీశైలం నుంచి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకోవాలి, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పుకోవాలి. చెన్నూరు శ్రీశైలానికి దక్షిణం. ఇక్కడికి దగ్గరి సిద్ధవటమే శ్రీశైలానికి దక్షిణ ద్వారం. పెన్న పేరు సంకల్పంలో పినాకిని. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం అన్నీ అయ్యాక గోత్రం, పేరు. ఇంతవరకూ అమ్మ చాటున తిరిగిన పిల్లవాడు తాను కాలంలో ఎక్కడున్నాడో, భూమ్మీద ఎక్కడున్నాడో మొదటిసారి నోరారా పలుకుతున్నాడు. నాకు ఈ క్రతువంతటిలో ఎంతో ఇష్టమైన ఘట్టాల్లో ఇది ఒకటి. మైకు పెట్టి, కెమెరా వెలుతురు ముఖాన కొట్టి దీన్ని గబగబా దాటించే ఇళ్ళు చూస్తే బాధేస్తుంది.

పుణ్యాహవాచనం, నాంది త్వరగానే అయిపోయాయి. నాందిలో పితృదేవతలను తలుచుకుంటారు. తాత ఫోటో వైపు తండ్రి ఒకసారి చూశాడు. పసితనంలో చేయవలసిన జాతకర్మ, నామకరణం, అన్నప్రాశనం వేళకు జరగకపోతే వాటన్నిటికీ ఇప్పుడే ప్రాయశ్చిత్తం చేసి వరసగా కానిస్తారు. ఈ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే పరిస్థితి.

ఇప్పుడు వంటింటి వైపు రండి. తొందరపడకండి, ఇక్కడ కాసేపు కూర్చుందాం.

అరిటాకు వేశారు. తల్లి ఒక పక్క, పిల్లవాడు ఒక పక్క, ఆకు మాత్రం ఒకటే. చుట్టూ వడుగైన చిన్నపిల్లలు నలుగురైదుగురికి వేరే ఆకులు వేశారు. ఇదే మాతృభోజనం. తల్లి ఆకులో, తల్లి చేతి ముద్ద తినడం వాడికి ఇదే ఆఖరుసారి. ఇక నుంచి వాడు బ్రహ్మచారి. ఎంగిలి కలవకూడదు, ఆకు వేరు, ఆచమనం వేరు, పరిషేచనం వేరు. అన్నంలో నెయ్యి పోసి, పప్పు కలిపి ఆమె ముద్ద పెడుతోంది. వాడు సిగ్గుపడి చుట్టూ చూస్తున్నాడు. ఏడో తరగతి పిల్లవాడికి పదిమంది చూస్తుండగా అమ్మ చేత తినిపించుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. నాలుగో ముద్దకు ఆమె చెయ్యి ఆగింది. చీర చెంగు ముఖానికి పెట్టుకుంది. "యాడుస్తావేందమ్మా, శుభమా అని వడుగు చేస్తాంటే" అని ఆడబిడ్డ మందలించింది. మందలించిన ఆమె కళ్ళలోనూ నీళ్ళే.

ధర్మసూత్రాల లెక్కన బ్రాహ్మణ బాలుడికి ఉపనయనం గర్భం నుంచి లెక్కపెట్టి ఎనిమిదో ఏట. క్షత్రియుడికి పదకొండు, వైశ్యుడికి పన్నెండు. ఆఖరి గడువులు 16, 22, 24 ఏళ్ళు. ఎనిమిదో ఏడు అని ఎందుకు పెట్టారో ఈ ఆకు ముందు కూర్చుంటే తెలుస్తుంది. ఆ వయసులో తల్లి చేతి ముద్ద ఇంకా రోజువారీ విషయం. దాన్ని వదలడం నిజంగా వదలడమే. చదువు కోసం పిల్లవాణ్ణి పరాయి ఇంటికి, గురువు ఇంటికి పంపే రోజుల్లో ఈ భోజనం అయ్యాక ఆ తల్లి ఏళ్ళ తరబడి కొడుకును చూసేది కాదు. ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ పంపడం లేదు. అయినా ఆమెకు ఏడుపు వచ్చింది.

పందిరి చివర మంగలి పెద్దాయన కత్తి నూరుకుంటున్నాడు. ఆయన కొడుకే ఆ మూల సన్నాయి పట్టుకుని కూర్చున్నది. డోలు ఆయన అన్నగారిది. ఈ ప్రాంతంలో శుభకార్యానికి మంగళవాద్యమూ, క్షౌరమూ చాలాచోట్ల ఒకే ఇంటి నుంచి వస్తాయి. స్వామి గిన్నెలో చన్నీళ్ళలో వేన్నీళ్ళు కలుపుతూ మంత్రం చెప్పారు. ఆ నీళ్ళతో తల తడిపారు. దర్భ పెట్టి కత్తి ఆనించేటప్పుడు చదివే మంత్రం కత్తితోనే మాట్లాడుతుంది, ఈ బిడ్డను నొప్పించవద్దని వేడుకుంటుంది. మొదటి నాలుగు వెంట్రుకలు తండ్రి తీశాడు. తర్వాత కత్తి పెద్దాయన చేతికి వెళ్ళింది. "తల వంచు సామీ, కదలద్దు" అంటూ ఎడమ చేత్తో గడ్డం కింద పట్టుకున్నాడు. శిఖ వదిలి తక్కిన తలంతా నున్నగా అయ్యింది. రాలిన జుట్టు కింద పడకుండా మేనత్త ఆకులో పట్టింది. సూత్రం ప్రకారం దాన్ని మేడిచెట్టు మొదట్లోనో దర్భల దుబ్బులోనో పెట్టాలి. ఇక్కడ మేడిచెట్టు పెన్న ఒడ్డున ఉంది, సాయంత్రం అటే పోతాం కాబట్టి మూట కట్టి ఉంచారు. పెద్దాయనకు కొత్త పంచె, బియ్యం, కొబ్బరికాయ, తాంబూలం, డబ్బు ఇచ్చారు. ఆయన పిల్లవాడి తల నిమిరి అక్షింతలు వేశాడు. ఆయన చెయ్యి పడకుండా ఈ వడుగు ముందుకు సాగదు. ఆయన్ను బంతిలో ఎక్కడ కూర్చోబెట్టి ఎలా వడ్డిస్తారన్నదాంట్లో ఆ ఇంటి సంస్కారం తేలిపోతుంది.

స్నానం చేసి, గోచీ పెట్టుకుని వాడు హోమగుండం ముందుకు వచ్చాడు. పొద్దు పందిరి ఆకుల్లోంచి దిగుతోంది. ఆవునెయ్యి పొగ కళ్ళకు మండుతోంది. ఇటు పక్కకు జరిగి నిలబడండి.

స్వామి చేతిలోని యజ్ఞోపవీతం చూడండి. నాలుగు వేళ్ళ చుట్టూ తొంభై ఆరు చుట్లు చుట్టి కొలిచిన నూలు. మూడు పేటలు కలిపి పేని, మళ్ళీ మూడింతలు చేసి, బ్రహ్మముడి వేస్తారు. మొత్తం తొమ్మిది తంతువులు. బ్రహ్మచారికి ఒకటే. పెళ్ళయ్యాక రెండోది తోడవుతుంది. తకిలి తిప్పి ఇంట్లోనే జంధ్యాలు వడికే వృద్ధులు ఇప్పుడు తక్కువ. చాలామంది కట్టలు కొనుక్కుంటున్నారు. ప్రొద్దుటూరు పత్తి వ్యాపారానికి, మగ్గాలకు పేరుపడ్డ ఊరు. అలాంటి ప్రాంతంలో చేతి నూలు దొరకదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అడిగి వడికించుకునే వాళ్ళు లేరంతే. ఎడమ భుజం మీదుగా కుడి చేతి కిందకు దారం దిగింది. చర్మానికి చల్లగా తగిలిందేమో, వాడు ఒకసారి భుజం ఎగరేశాడు.

తర్వాత రాయి. హోమగుండానికి ఉత్తరంగా సన్నికల్లు పెట్టి కుడికాలు దాని మీద పెట్టించారు. ఈ రాయిలా స్థిరంగా ఉండమని మంత్రార్థం. తర్వాత కొత్త బట్ట. పూర్వం అదే రోజు వడికి, అదే రోజు నేసిన బట్ట కట్టాలన్నది ఆపస్తంబుడి మాట. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువ మంది ఆపస్తంబ సూత్రం, కృష్ణ యజుర్వేదం వాళ్ళే కాబట్టి మీరు వెళ్ళే చాలా వడుగుల్లో ఇదే వరస. నడుముకు ముంజగడ్డి మేఖల మూడు చుట్లు. ముంజ దొరకని చోట దర్భతాడు. జింక తోలు మాత్రం పేరుకే. ఒకప్పుడు ఒంటి నిండా కప్పుకునే అజినం ఇప్పుడు దారానికి కట్టే వేలెడు ముక్కగా మిగిలింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కృష్ణజింకను వేటాడటం నేరం, దాని తోలు అమ్మడం కొనడం కూడా నేరమే. ఆ చట్టం మంచిది. జింక బతికుండటమే వేదానికీ ఇష్టమని నా నమ్మకం. తోలు ముక్క లేదని ఏ వడుగూ ఆగదు.

దండం మోదుగ కర్ర. లంకమల వైపు అడవికి పోయే మనిషితో పది రోజుల ముందే చెప్పి తెప్పించారు. వంట దగ్గర దొంతరగా పేర్చి ఉన్న విస్తళ్ళు కూడా మోదుగాకువే. హోమంలో వేసే సమిధల్లోనూ మోదుగ ఉంది. రాజ్యం ఏలేవాడికి మర్రి కర్ర, వైశ్యుడికి రేగు గానీ మేడి గానీ అని సూత్రం విడివిడిగా చెబుతుంది.

ఇక తండ్రి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఘట్టం నుంచి ఆయన తండ్రి కాదు, ఆచార్యుడు. ప్రశ్నలు మొదలయ్యాయి. నీ పేరేమి? ఎవరి బ్రహ్మచారివి నువ్వు? ప్రాణానికి బ్రహ్మచారిని అని వాడు చెప్పాలి. స్వామి అందించిన మాటలను వాడు తడబడుతూ అన్నాడు. బంధువుల్లో ఒకరిద్దరు నవ్వారు. దయచేసి నవ్వకండి. నీ ఊపిరికి నువ్వే పూచీదారువని ఎనిమిదేళ్ళ పిల్లవాడితో, పన్నెండేళ్ళ పిల్లవాడితో చెప్పించే చదువు మనకు ఇంకెక్కడ ఉంది?

నూతన వస్త్రం తెచ్చారు. కంచి పట్టు, ఎరుపు అంచు. తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. తల్లి కూడా లోపలికి జరిగింది. మేనమామ, చిన్నాన్న నాలుగు కొసలూ పట్టుకుని ముగ్గురి మీదా కప్పారు. లోపల ఏం జరుగుతోందో మీకు కనిపించదు. కొడుకు కుడి చేత్తో తండ్రి కుడి పాదం పట్టుకుని సావిత్రిని ఉపదేశించమని అడుగుతాడు. తండ్రి కుడి చెవిలో చెబుతాడు. మొదట ఒక్కొక్క పాదం, తర్వాత సగం సగం, ఆ తర్వాత మొత్తం. ఋగ్వేదం మూడో మండలంలో 62వ సూక్తంలోని పదో మంత్రం అది. విశ్వామిత్రుడు ద్రష్ట, 24 అక్షరాలు, సవితృ దేవత. మన బుద్ధిని నడిపించే వెలుగును ధ్యానిస్తున్నామని దాని తాత్పర్యం. డబ్బు అడగదు, ఆయుష్షు అడగదు, శత్రువు మీద గెలుపు అడగదు. అడిగేది బుద్ధి ఒక్కటే.

"కొట్టండప్పా!" అని ఎవరో కేక వేశారు. డోలు ఒక్కసారిగా ఎత్తుకుంది, సన్నాయి పైస్థాయికి వెళ్ళింది. మంత్రం పక్కవాడి చెవిన పడకూడదని ఈ హోరు. పట్టు గుడ్డ కింద కదులుతున్న తలలు మాత్రం తెలుస్తున్నాయి. అది ఎంతసేపైనా సాగాలి. తొందర పెట్టేవాళ్ళను పక్కకు పంపించాలి.

గుడ్డ తీసేసరికి పిల్లవాడి ముఖం ఎర్రగా, చెమటతో ఉంది. స్వామి వాడికి ఆరు మాటలు చెప్పారు. నువ్వు బ్రహ్మచారివి. నీళ్ళు తాగు. పని చెయ్యి. పగలు నిద్రపోకు. భిక్షకు వెళ్ళు. ఆచార్యుడికి లోబడి ఉండు. ప్రతి మాటకూ వాడు "బాఢం" అని జవాబివ్వాలి. మొదటిసారి గొంతు పెగల్లేదు. ఆరోసారికి పందిరంతా వినిపించింది.

భిక్ష వేళయింది. చేతిలో మోదుగ దండం, భుజాన జోలె. ఆడవాళ్ళందరూ పళ్ళేల్లో బియ్యం, వెండి బిళ్ళలు, ఎండు ఖర్జూరం, కొబ్బరి చిప్పలు, లడ్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముందు తల్లి దగ్గరికే వెళ్ళాలి, కాదనని చోట మొదలుపెట్టాలని నియమం. "భవతి భిక్షాం దేహి." బ్రాహ్మణ వటువు 'భవతి' అనే పిలుపును మొదట పెడతాడు. క్షత్రియుడు నడుమ పెడతాడు, వైశ్యుడు చివర పెడతాడు. తల్లి మూడుసార్లు బియ్యం పోసింది. అవ్వ నడుము వంగి, వణికే చేతులతో పోసింది. ఆ పక్కన పన్నెండేళ్ళ మేనత్త కూతురు తన పళ్ళెం ఎత్తి పట్టుకుని, "మాకెందుకు వడుగు చెయ్యరు మామా?" అని అడిగింది. స్వామి ఆగి జవాబు చెప్పారు. పూర్వం బ్రహ్మవాదినులనే స్త్రీలు ఉండేవారనీ, వాళ్ళకు ఉపనయనం, అగ్నికార్యం, వేదాధ్యయనం ఉన్నాయని హారీతుడు రాశాడనీ చెప్పారు. "మరి ఇప్పుడో?" అంది ఆ పిల్ల. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత ఆయన ఒక్కడిదే కాదు.

భిక్షగా వచ్చిందంతా వాడు తెచ్చి ఆచార్యుడి ముందు పెట్టాడు. ఎంత గొప్ప ఇంటి పిల్లవాడైనా సరే, చదువుకునే రోజుల్లో నీ తిండి ఊరు పెట్టినదే, ఆ అప్పు నీ నెత్తిన ఉందని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఈ దారం ఒక్క కులానిదే అనుకుంటే పెన్న వెంట కొంచెం పైకి నడవాలి. గండికోట లోయ దాటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా, పుష్పగిరి కింద నుంచి చెన్నూరుకు వచ్చేది ఈ నీళ్ళే. ప్రొద్దుటూరు ఆర్యవైశ్యుల ఇళ్ళలో వడుగు ఉంది. చాలావరకు పెళ్ళి ముహూర్తానికి ముందు, ఆ పొద్దునే కానిస్తారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గాల వీధుల్లో పద్మశాలీలు, దేవాంగులు, తొగటవారు జంధ్యాల పౌర్ణమికి కొత్త దారం వేసుకుంటారు. నూలు నేసే చేతులకు నూలుపోగు వంశగౌరవం. పులివెందుల అంగడి వీధిలో బంగారం కరిగించే ఆచారి భుజాన కూడా అదే దారం కనిపిస్తుంది. ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం పనిచేసే విశ్వబ్రాహ్మణులకు ఈ జిల్లాలోనే కందిమల్లయపల్లె పుణ్యక్షేత్రం. అక్కడ జీవసమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మం దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీశాడు. దారం లేనివాడికి జ్ఞానం లేదని ఆయన అనుకోలేదు. ఇంకా వెనక్కు వెళితే పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో బాల బసవుడు తండ్రి మాదిరాజు తలపెట్టిన ఉపనయనాన్ని కాదన్నాడు. వడుగును ప్రేమించేవాళ్ళు ఆ కథను కూడా పిల్లవాడికి చెప్పాలి. వద్దన్నవాడు ఎందుకు వద్దన్నాడో తెలిస్తేనే, కావాలనుకున్నవాడు ఎందుకు వేసుకున్నాడో తనను తాను అడుగుతాడు.

బంతి వేశారు, కూర్చోండి. మోదుగ విస్తరిలో ముందు ఉప్పు, పచ్చడి, కోసంబరి. తర్వాత చిత్రాన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ కూర, మజ్జిగ పులుసు, అప్పడం. భక్ష్యాలు వేడివేడిగా పెనం మీద నుంచే వస్తున్నాయి. నెయ్యి వద్దనకండి, వడ్డించేవాడు వినడు. ఈ చుట్టుపక్కల పండే ఉల్లి దేశాలు దాటిపోతుంది కానీ ఈ వంటింట్లో ఈ రోజు ఒక్క గడ్డ కూడా లేదు, వెల్లుల్లీ లేదు. చివర తాంబూలం. చెన్నూరు ఆకుతోటల ఆకు. అవిసె చెట్లకు పాకించిన తీగల నుంచి నిన్న సాయంత్రం కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కట్టలు. నమిలి చూడండి, ఘాటు నెమ్మదిగా నాలుకకు ఎక్కుతుంది.

మధ్యాహ్నం మూడింటికి పందిరి సగం ఖాళీ. బస్సులు అందుకునే వాళ్ళు వెళ్ళిపోయారు. ఈ సమయంలోనే చాలా ఇళ్ళలో వడుగు అయిపోయిందని అనుకుంటారు. మీరు వెళ్ళకండి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

పొద్దు వాలుతుండగా తండ్రి, కొడుకు, స్వామి, మేనమామ పెన్న వైపు నడిచారు. వెంట మనమూ ఉన్నాం. వైశాఖంలో పెన్న అంటే ఇసుక. అక్కడక్కడా మడుగులు, వాటి చుట్టూ తుంగ. పైన ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర కేసీ కాలువ పెన్నను అందుకుంటుంది. సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్ళు వదిలిన నెలల్లో ఆ కాలువలో నీరు ఉంటుంది, ఇప్పుడు లేదు. మేనమామ ఒంగి చేత్తో ఇసుక తోడాడు. మోచేతి లోతున తడి తగిలింది. ఇంకాస్త తోడితే నీళ్ళు ఊరాయి. చెలమ తేటపడే దాకా అందరూ కూర్చున్నారు. జుట్టు మూట మేడిచెట్టు మొదట్లో పెట్టి వచ్చారు.

"ఆచమనం చెయ్యి" అన్నాడు తండ్రి.

ఆ తర్వాత ప్రాణాయామం, మార్జనం, అర్ఘ్యం. దోసిట్లో చెలమ నీళ్ళు ఎత్తి, మడమలు లేపి, కుంగే సూర్యుడి వైపు వదలాలి. మొదటిసారి నీళ్ళన్నీ మోచేతుల నుంచి కారిపోయాయి. రెండోసారి కొంచెం నిలిచాయి. గాయత్రి జపం వేళ్ళ కణుపుల మీద లెక్క. పెదవులు కదులుతున్నాయి, ఎక్కడో మధ్యలో ఆగిపోయాడు. తండ్రి మళ్ళీ చెవిలో అందించాడు, ఈసారి పట్టుగుడ్డ లేదు, డోలు లేదు. ఆఖరున తన ఋషుల పేర్లు చెప్పుకుని నమస్కరించాలి. చేతులు మార్చి చెవులు పట్టుకుని, గోత్రం భారద్వాజమైతే ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ అనే ముగ్గురు ఋషుల పేర్లు చెప్పి, తన సూత్రం, తన శాఖ, తన పేరు చెప్పి, వంగి నేలను తాకాలి. వాడు ఋషుల పేర్లు తప్పు లేకుండా చెప్పాడు. వాటిని పొద్దుటి నుంచి లోలోపల వల్లె వేసుకుంటున్నాడట.

ఇంటికి వచ్చి అగ్నికార్యం. పొద్దుటి నిప్పును ఆరనివ్వలేదు. ఒక్కొక్క మోదుగ సమిధ వేస్తూ తనకు మేధ, తేజస్సు ఇమ్మని అగ్నిని అడిగాడు. భస్మం నుదుటికి, గుండెకు, భుజాలకు పెట్టుకున్నాడు. రాత్రి భోజనంలో ఉప్పు లేదు, కారం లేదు. "ఎట్లా తినేదిమ్మా ఇది?" అన్నాడు. తల్లి నోరు మెదపలేదు. ఆకు వేరుగా వేసి దూరంగా కూర్చుంది. వాడు మొత్తం తిన్నాడు.

నియమం ప్రకారం ఇలా మూడు రోజులు. ఉప్పు లేని తిండి, కింద పడక, ఉదయం సాయంత్రం సంధ్య, అగ్నికార్యం. నాలుగో రోజు పాలాశకర్మ. మోదుగ చెట్టు దగ్గరికి, చెట్టు లేకపోతే నాటిన కొమ్మ దగ్గరికి వెళ్ళి పూజ చేసి, మేధను కోరి, పాత బట్ట ఆచార్యుడికి ఇచ్చి కొత్తది కట్టుకుంటాడు. ఈ నాలుగు రోజుల్లో వాడికి మంత్రం నోటికి వస్తుంది, దారం ఒంటికి అలవాటవుతుంది, తెల్లవారుజామున లేవడం ఒక పూట ముచ్చటగా కాక అలవాటుగా మారుతుంది.

ఇప్పుడు చాలాచోట్ల ఈ నాలుగు రోజులనూ ఒక్క మధ్యాహ్నంలో ముగిస్తున్నారు. కల్యాణ మండపం అద్దె, తండ్రి సెలవు, బంధువుల రైలు టికెట్లు దానికి కారణాలు. మరికొందరు పెళ్ళికి ముందు రోజు పాతికేళ్ళ వరుడికి గంటన్నరలో వడుగు, స్నాతకం రెండూ కానిస్తున్నారు. ఖర్చుకు లోటు చెయ్యరు. ఫోటోలకు, పట్టుబట్టలకు, వంటలకు చేసే ఖర్చు ఏటా పెరుగుతూనే ఉంది. తగ్గుతున్నది తండ్రి కొడుకు పక్కన కూర్చునే సమయం. నా లెక్కలో వడుగు కాలం చెల్లినది కాదు. దాన్ని ఒక పూట వేడుకగా కుదించి మనమే అలా చేస్తున్నాం.

అందుకే ఇంట్లో వడుగు పెట్టుకోబోతున్న తండ్రులకు నా విన్నపం. మండపం చిన్నది తీసుకోండి, పిలుపులు తగ్గించండి, కానీ సెలవు మాత్రం నాలుగు రోజులకు పెట్టండి. మీకే సంధ్యావందనం మరుపున పడి ఉంటే ముహూర్తానికి మూడు నెలల ముందే మీ స్వామి దగ్గర కూర్చుని మళ్ళీ నేర్చుకోండి. కొడుకు చెవిలో చెప్పాల్సింది మీరే, సాయంత్రం ఏటి ఒడ్డుకు వాణ్ణి చెయ్యి పట్టి తీసుకుపోవాల్సిందీ మీరే.